నూనెపై నెపము

కువైటు యుద్ధమును గూర్చిన ప్రస్తావన వచ్చినపుడెల్ల మనవారిలో చదువుకొన్నవారు "అంతయు చమురుకొఱకే గదా" యని యొక్కమాట పలికి, ఇంతకంటె తెలిసికొనవలసినది లేనట్లు చేతులు దులుపుకొందురు. ఈ మాట వినుటకు మిక్కిలి వివేకవంతముగ నుండును. పలికినవాడు లోకరహస్యమును కనిపెట్టినవానివలె కనబడును. మేము మాత్రము దీనిని సోమరిమాట యందుము. సోమరిమాట మాత్రమే కాదు, నేరస్థులకు మేలుచేయు మాట యనియు నందుము. ఒక యింట కన్నము పడినదనుకొనుడు. ఊరిపెద్ద వచ్చి, గోడను చూచి, తెఱచిన పెట్టెను చూచి, "ఇదియంతయు బంగారము చేసిన పని" యని తీర్పుచెప్పి పోయినచో ఆ యింటివాడు సమ్మతించునా? బంగారము పెట్టెలో కదలక పడియుండెను. కన్నము వేసినవాడొకడు, వానికి గునపమును అప్పునకు అమ్మినవాడొకడు, కావలికి నిలిచి కన్నుమూసికొన్నవాడొకడు. వారి పేళ్లు చెప్పక బంగారమును నిందించువాడు న్యాయాధికారియా, దొంగలకు చుట్టమా?

మఱికొందఱు చమురు మాట తలపెట్టరు. "సద్దాము హుస్సేను పిచ్చివాడు, పట్టినపట్టు విడువనివాడు, వానివలననే వచ్చినది" యని ముగింతురు. ఇదియు నట్టిదే. ఒక్కని పిచ్చి వేలకొలది ఫిరంగిబండ్లను పోతపోయజాలదు. ఆ బండ్లు ఎక్కడనో తయారై, ఎవరో వెలకట్టి, ఎవరో అప్పిచ్చి, ఓడలకెక్కించి పంపినవే గాని బాగ్దాదు ఎడారిలో మొలచినవి కావు. కాబట్టి 1990-91 యుద్ధమును మొదటినుండి పద్దులవారీగా చూడవలసియున్నది. ఇది కథ వినుటకంటె విసుగైనపనియే. ఐనను యుద్ధములు తఱచుగా విసుగైన కాగితములలోనే పుట్టుచున్నవి.

కువైటు ఎడారియంచున సముద్రమును నమ్ముకొని బ్రదికిన చిన్నపట్టణము. ముత్యములు తీయుటయు, పడవలు కట్టుటయు, బస్రా ఖర్జూరములను బొంబాయికిని మలబారు తీరమునకును చేర్చి మాఱుగా టేకుకలపను తెచ్చుకొనుటయు అచటివారి వృత్తులు. 1899వ సంవత్సరమున అచటి షేకు ముబారకు, బ్రిటిషువారి సమ్మతి లేక తన భూమిలో తునకయైనను పరుల కీయననియు, పరరాజ్యముల ప్రతినిధులను చేర్చుకొననియు వ్రాసియిచ్చెను. అందులకు ప్రతిఫలముగ ముట్టినది 15,000 రూపాయలు. చదువరులు గమనింపవలెను: పౌనులు గావు, రూపాయలు. ఆ యొడంబడికను వ్రాయించుకొన్నది హిందూదేశ ప్రభుత్వముయొక్క ప్రతినిధి. పారసీక సింధుశాఖ వ్యవహారములన్నియు ఆ దినములలో మన పన్నులతో పోషింపబడిన యుద్యోగులే నడపిరి. 1914 నవంబరులో బస్రాకు దిగువనున్న ఫావువద్ద దిగిన సేనయు మనదేశపు సిపాయిలదే. అబాదానులోని చమురుశాలను కాపాడుట వారికప్పగించిన పనులలో నొకటి. 1961 వఱకు కువైటు అంగళ్లలో చెల్లిన నాణెము మన రూపాయయే. ఇవియన్నియు మనకు సంబంధింపని దూరదేశపు వార్తలని తలచువారికి ఈ పాటి చాలును.

సరిహద్దు సంగతి విచిత్రమైనది. 1922వ సంవత్సరాంతమున ఉఖైరు అను రేవున సభకూడినది. బ్రిటిషు హైకమిషనరు సర్ పెర్సీ కాక్సు ఒకవైపు, నజ్దు ప్రభువగు ఇబిన్ సవూదు ఒకవైపు. కాక్సు చాలకాలము హిందూదేశపు రాజకీయశాఖలో పనిచేసినవాడు. కువైటు పక్షమున కూర్చున్నది కువైటువాడు కాదు. అచటి బ్రిటిషు ఏజెంటు. కాక్సు పటము తెప్పించుకొని గీతలు గీసెను. షేకు తనదనుకొన్న భూమిలో అధికభాగము ఇబిన్ సవూదుపాలయ్యెను. మఱుసటి సంవత్సరమున ఇరాకువైపు గీతయు అట్లే స్థిరమయ్యెను. ఇరాకునకు సముద్రముఖము మిక్కిలి ఇఱుకుగ మిగిలినది. దాని రేవు ముందున్న వార్బా, బూబియాను దీవులు కువైటుకు పోయినవి. అప్పటికి కువైటులో చమురుబావి లేదు. 1934లో ఒక బ్రిటిషు కంపెనీకిని ఒక అమెరికను కంపెనీకిని కలిపి గుత్తయిచ్చిరి. 1938లో బుర్గానువద్ద చమురు పడినది. 1946లో మొదటి యెగుమతి జరిగినది. అనగా, పిమ్మట ఇంచుమించు డెబ్బదియేండ్లకు లక్షలసేనలను లాగిన గీత, చమురు కనబడుటకు పదునైదేండ్లు ముందే వేఱొకరి సౌకర్యముకొఱకు గీయబడినదన్నమాట.

అంతమాత్రమున ఇరాకుకోరిక న్యాయమని మేమనము. మనవారిలో కొందఱు పెర్సీ కాక్సు కథను విని, "అట్లయిన కువైటు ఇరాకుదే" యని తొందరపడుదురు. 1961 జూను 19న కువైటు స్వతంత్రమైన వారములోపలనే ఇరాకు నేత కాసిము అది మాదని చాటినమాట నిజము. బ్రిటిషుసేనలు వచ్చి దిగినమాటయు నిజము. కాని 1963 అక్టోబరున ఇరాకు ప్రభుత్వమే కువైటు స్వాతంత్ర్యమును ఒప్పుకొని సంతకముచేసినది. పరాయివాడు గీసిన గీత యని తుడిచివేయుటకు మొదలిడినచో ఆసియా, ఆఫ్రికా ఖండములలో మిగులు గీతలెన్ని? ఇరాకు గీతలను గీసినదియు ఆ చేతులే. కువైటు గీత మాత్రము అన్యాయము, మోసులు గీత న్యాయము అనుట తక్కెడ నొకవైపునకు వంచుటయే.

ఇక అసలు పద్దునకు వత్తము. 1980 సెప్టెంబరు 22న ఇరాకు ఇరానుపై పడెను. వారములలో ముగియునని తలచిన యుద్ధము 1988 ఆగస్టు వఱకు సాగినది. ఇరానులో రాచఱికమును కూలద్రోసిన విప్లవము తమ యిండ్లకు వ్యాపించునని గడగడలాడిన సింధుశాఖ షేకులు ఇరాకునకు ధనము పోసిరి. ఒక్క కువైటు ఇచ్చినదే వేయికోట్ల డాలర్లకు మించును. రష్యా ఫిరంగిబండ్ల నిచ్చినది. ఫ్రాన్సు విమానముల నమ్మినది. జర్మను కంపెనీలు రసాయనశాలల సామగ్రిని పంపినవి. అమెరికా, 1982లో ఇరాకుపేరును భీతివాదమును పోషించు దేశముల పట్టికనుండి తీసివేసి, 1984లో రాయబారమును పునరుద్ధరించి, అది కొనుకొన్న ధాన్యమునకు అప్పులహామీ నిలిచినది. మన గుత్తదారులును ఇరాకులో పనులు చేసిరి. మనము దాని చమురు కొంటిమి. 1988 మార్చి 16న హలబ్జా యను కుర్దుల పట్టణముపై ఇరాకు విషవాయువులను చల్లగా ఇంచుమించు అయిదువేల జనులు, తల్లులు బిడ్డలపై బోర్లపడి, వీధులలోనే చచ్చిరి. ఛాయాపటములు లోకమంతట ప్రచురింపబడినవి. భద్రతామండలి ఆ మేనెలలో విషాయుధములను గర్హించుచు నొక తీర్మానము చేసి, ఇరుపక్షములను మానుకొమ్మని హితవు చెప్పినది. దోషిపేరును అందు వ్రాయుటకు కలము సాగలేదు. ధాన్యపు హామీలును సాగినవి, చమురు కొనుగోలును సాగినది. రెండేండ్ల తరువాత ఈ మండలియే అదే మనుష్యుని దుష్టుడని కనుగొనెను. వాని దుష్టత్వము 1988లో తక్కువయై 1990లో పెరిగినదా? పెరుగలేదు, వాడు చంపినవారు మాఱిరి.

యుద్ధము ముగియునాటికి ఇరాకు మెడకు సుమారు ఎనిమిదివేలకోట్ల డాలర్ల ఋణము చుట్టుకొన్నది. పదిలక్షల సేన చేతిలో ఆయుధముపట్టి పనిలేక నిలిచియున్నది. వారిని ఇండ్లకు పంపుటకు ఇండ్లయందు పని లేదు. ఈ స్థితిలో నున్న నిరంకుశుని చేతికి మిగిలిన ఆదాయము చమురొక్కటే. 1990 వసంతమున దాని వెల పడిపోవజొచ్చెను. చమురు దేశముల సంఘము కువైటుకు దినమునకు 15 లక్షల పీపాలు తీయుటకు వంతు నిర్ణయించియుండగా అది యంతకుమించి తీయుచుండెను. పీపాకు ఒక్క డాలరు తగ్గిన తనకు సంవత్సరమునకు నూఱుకోట్ల డాలర్లు నష్టమని సద్దాము లెక్కచెప్పెను. సరిహద్దుక్రింద వ్యాపించియున్న రుమేలా చమురుపొరనుండి తన భాగమునుగూడ కువైటు దొంగిలించుచున్నదని జులైలో ఆయన మంత్రి తారిఖు అజీజు అరబ్బుసంఘమునకు వ్రాసిన జాబులో నింద మోపెను.

ఇచ్చట కువైటు ఏలికల పనినిగూర్చి మాకు గల యభిప్రాయమును దాచము. వెల పడిపోయిన ఇరాకునకు ప్రాణముపోవుచుండగా కువైటుకు పోలేదు. ఏలయన కువైటు చమురునమ్మిన సొమ్మును పరదేశములలో వాటాలుగను భవనములుగను మార్చియుండెను. ఐరోపాలో దానికి సొంత శుద్ధిశాలలును, పెట్రోలు అంగళ్లును కలవు. ముడిచమురు చౌకయైన అచట లాభమే. ముందుచూపుతో సొమ్ముదాచుట దోషము కాదు. మన ప్రభుత్వములు నేర్చుకొనదగినదే. కాని ఎనిమిదేండ్లు తమ యింటిముందు ఇతరులబిడ్డలు చచ్చుటకు ధనమిచ్చి, యుద్ధమైనపిమ్మట ఆ ధనము అప్పని పత్రము చూపి, దారిద్ర్యమున పడిన యా సాయుధుని ఎదుట వెల తగ్గించుట వర్తకనీతిలో చెల్లవచ్చును, ఇరుగుపొరుగునీతిలో చెల్లదు. తమ ప్రజలను సంప్రదించియుండిన ఒకడైన హెచ్చరించియుండును. సంప్రదించుటకు సభ లేదు. 1986లో అమీరు శాసనసభను ఎత్తివేసెను. నాటి సుమారు 21 లక్షల జనములో పౌరులు మూడవవంతుకంటె తక్కువ. తక్కినవారు పాలస్తీనీయులు, ఈజిప్టువారు, మనవారు, బంగాళీలు. ఆ దేశమును కట్టినది వారు. ఆ దేశము వారిది కాదు.

ఐనను ఋణదాత లోభియైన మాత్రమున ఋణగ్రస్తుడు వానియిల్లు దోచి, వాని గొంతుకోసి, "లెక్క సరిపోయినది" అనుటకు ఏ ధర్మశాస్త్రమును ఒప్పదు. సద్దాముపై జాలిగొనువారు ఈ వాక్యమును రెండుసారులు చదువవలెను.

1990 జులై 25న అమెరికా రాయబారి ఏప్రిలు గ్లాస్పీ సద్దామును చూచినది. సరిహద్దువద్ద సేనలు కూడుట ఆకాశమునుండి తీసిన పటములలో అదివఱకే కనబడినది. అరబ్బుల సరిహద్దుతగవులలో తమ ప్రభుత్వము పక్షము వహింపదని యామె చెప్పినది. తగవును శాంతముగ తీర్చుకొండనియు చెప్పినదని యామె పక్షమువారు వాదింతురు. అదియు నిజమే కావచ్చును. ఆమెపై నంతతప్పును మోపుట అన్యాయము. ఆమె పలికినది పదేండ్లుగా ఆ ప్రభుత్వము నడచిన నడకనే. దొంగను పదేండ్లు అల్లునివలె చూచి, పదునొకండవయేట వాకిట నిలిచి గట్టిగా కేకవేయని పరిచారికను దండించుట పెద్దయిండ్లలో నున్న ఆచారమే.

జిద్దాలో జరిగిన కడపటి సంప్రదింపులు ఆగస్టు 1న విఫలమైనవి. 2వ తేది తెల్లవాఱకమునుపే ఇరాకుసేన సరిహద్దు దాటెను. అమీరు సవూదీకి పాఱిపోయెను. ఒక్కదినములో పట్టణము ఇరాకువశమయ్యెను. భద్రతామండలి ఆనాడే వైదొలగుమని తీర్మానించి, 6వ తేదిని వర్తకనిర్బంధము విధించినది. ఇరాకు 8వ తేదిని కువైటును తనలో కలుపుకొంటినని చాటి, ఆ నెలలోనే తన 19వ మండలముగ పేరుపెట్టినది. ఏడునెలలపాటు బంధించుట, హింసించుట, చంపుట జరిగినవి. ఆస్పత్రులును, చిత్రవస్తుశాలలును దోపిడియైనవి. ఇవి నిజములు, సాక్ష్యములు కలవి. నిజములుండగా అబద్ధముతో పనియేమి? కాని అబద్ధమునే వాడిరి. అక్టోబరున అమెరికా శాసనసభ్యుల సంఘమొకదాని యెదుట పదునైదేండ్ల బాలిక యేడ్చుచు, ఇరాకు సైనికులు ఆస్పత్రిలో నెలతక్కువ శిశువులను యంత్రపుతొట్లనుండి తీసి నేలపై పడవేయగా తాను చూచితినని చెప్పినది. ఆ దేశాధ్యక్షుడు దానిని పలుమాఱులు ఉదాహరించెను. ఆమె అమెరికాలోని కువైటు రాయబారి కుమార్తె యనియు, ఆ సభను నడిపించినది కువైటు పక్షమున కూలికి కుదిరిన ప్రచారకంపెనీ యనియు 1992 జనవరిలో బయటపడెను. అప్పటికి యుద్ధము ముగిసి యేడాది కావచ్చినది. ఆ కథను మొదటిపుటలో పెద్దయక్షరములతో వేసిన పత్రికలలో, తప్పును అదే పుటలో అంతే యక్షరములతో ఒప్పుకొన్నవానిని వెదకి చూపినవారికి మేము నమస్కరింతుము.

మనదేశము చేసినదేమి? నాటి విదేశాంగమంత్రి ఇందర్ కుమార్ గుజ్రాలు ఆగస్టులో బాగ్దాదునకు పోయి సద్దామును కౌగిలించుకొనెను. ఆ ఛాయాపటమునుచూచి అనేకులు సిగ్గుపడిరి. మాకా కౌగిలింతపై ఆగ్రహము లేదు. కువైటులో చిక్కిన మనవారు లక్షా డెబ్బదివేలకు తక్కువకాదు. వారిని విడిపింపవలసినవాడు పులినైనను కౌగిలించుకొనవలసినదే. ఆగస్టు మధ్యనుండి అక్టోబరువఱకు ఎయిరిండియా విమానములు ఇంచుమించు 500 మాఱులు ఎగిరి అమ్మానునుండి లక్షకు మించిన జనమును ఇల్లు చేర్చినవి. అట్టిపని లోకములో మఱి జరుగలేదు. అందు కడపమండలపు రాయచోటి, రాజంపేట ప్రాంతములవారును, గోదావరి మండలములవారును కలరు. మగవారు బండ్లు నడపువారు, రాళ్లెత్తువారు. ఆడువారు పరులయిండ్ల అంట్లుతోమువారు. పొలముతాకట్టుపెట్టి ఏజెంటునకు ముడుపుచెల్లించి పోయినవారు కువైటునుండి బస్రాకు, బస్రానుండి బాగ్దాదునకు, అచ్చటనుండి ఎడారిదారిని జోర్డానుకు చేరి, కట్టుబట్టలతో బొంబాయిలో దిగిరి. ఋణము మాత్రము వారికంటె ముందు ఊరిలో దిగి కూర్చుండెను.

మాకు ఆగ్రహము కౌగిలింతపై గాక మౌనముపైన. పరరాజ్యమును మ్రింగినవానిని "నీవు చేసినది తప్పు" అని గట్టిగా చెప్పుటకు మనవారు జంకిరి. అమెరికా బాంబులు వేయునపుడును జంకిరి. 1991 జనవరిలో మన విమానాశ్రయములలో అమెరికా సైనికవిమానములకు ఇంధనము పోయనిచ్చిరి. గోలపుట్టగా ఫిబ్రవరిలో మానిపించిరి. ఒకచేత దోషితో కరస్పర్శ, ఒకచేత దండించువానికి నూనెడబ్బా. దీనికి నిష్పక్షపాతమని పేరుపెట్టుకొంటిమి. ఫలము చేకూఱినదా? చమురువెల అక్టోబరుకు పీపా నలుబది డాలర్లు దాటినది. గల్ఫునుండి వచ్చు సొమ్ము ఆగినది. మన ఖజానా అదివఱకే బోలుగనుండుటచేత ఈ దెబ్బకు తట్టుకొనజాలకపోయినది. దోషమంతయు యుద్ధముపై త్రోయుట సరికాదు. 1991 జులైలో 47 టన్నుల బంగారమును ఇంగ్లండు, జపాను బాంకులలో కుదువపెట్టితిమి. బంగారము సేయు నేరములను గూర్చి పైని చెప్పితిమి గదా. ఇచ్చట అది నేరము చేయలేదు, పాపము, జైలుకు పోయినది.

నవంబరు 29న భద్రతామండలి 678వ తీర్మానముచేత జనవరి 15 వఱకు గడువిచ్చినది. పండ్రెండుగురు అనుకూలురు, చైనా తటస్థము, క్యూబాయు యెమెనును ప్రతికూలురు. యెమెను చేయెత్తిన వెంటనే అది యెమెనుకు మిక్కిలి ఖరీదైన వోటగునని హెచ్చరికపడినది, సహాయధనమును నిలిచినది. అంతకుముందే, యెమెను తమపక్షము నిలువలేదని సవూదీప్రభుత్వము ఆ దేశపు కూలీలకు చిరకాలముగనున్న వసతులను రద్దుచేయగా, సుమారు ఎనిమిదిలక్షలమంది మూటలు నెత్తిపెట్టుకొని ఇల్లు చేరిరి. మంత్రి చేతిని ఎత్తినందుకు కూలీవాని నోటికూడు పోయినది. ఈ యుద్ధమునందు అన్నిపక్షముల న్యాయములును ఈ తీరుననే నడచినవి.

జనవరి 17న ఆకాశయుద్ధము మొదలయ్యెను. ఫిబ్రవరి 24న భూమిపైని యుద్ధము, 28న విరామము. నూఱుగంటల జయమని లోకము చప్పట్లు కొట్టినది. అంతకుముందటి అయిదువారములు బాగ్దాదు విద్యుచ్ఛాలలపైనను, నీటిశాలలపైనను పడిన బాంబుల లెక్కను చప్పట్లలో వినలేకపోయితిమి. ఫిబ్రవరి 13న అమిరియా పేటలో జనులు తలదాచుకొన్న యాశ్రయముపై రెండుబాంబులు పడి నాలుగువందలకు మించిన ప్రజలు, అందు అధికులు స్త్రీలును పిల్లలును, మాడిపోయిరి. అది సేనాధిపతుల స్థావరమని తలచితిమని అమెరికావారు చెప్పిరి. పోవుచుపోవుచు ఇరాకుసేన కువైటు బావులలో ఆఱువందలకుపైగా నిప్పుపెట్టినది. పగలు చీకటియైనది. కడపటి బావి ఆఱునప్పటికి 1991 నవంబరు 6. యుద్ధవ్యయము 6,100 కోట్ల డాలర్లని అమెరికా లెక్కకట్టి, అందు ఇంచుమించు 5,400 కోట్లను సవూదీ, కువైటు, జపాను, జర్మనీ మున్నగువారి యొద్ద వసూలుచేసికొన్నది. యుద్ధము ఇంతచక్కగా బాడుగకు దొరకుట చరిత్రలో అపూర్వము.

అన్నింటికంటె హేయమైనభాగము విరామమునకు పిమ్మటిది. ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు బుష్షు, సద్దామును త్రోసివేయుడని ఇరాకు ప్రజలకు బహిరంగముగ పిలుపిచ్చెను. మార్చిలో దక్షిణమున షియాలును ఉత్తరమున కుర్దులును లేచిరి. సఫ్వానువద్ద విరామసంధి చేసిన అమెరికను సేనాధిపతి, వంతెనలు కూలినవి గావున ప్రయాణములకనుచు ఇరాకువారు అడుగగా, హెలికాప్టరులను ఎగురనిచ్చెను. ఆ హెలికాప్టరులే తిరుగుబాటు చేసినవారిపై నిప్పుకురిసినవి. కొన్నిమైళ్లదూరమున నిలిచిన లక్షలసేన చూచుచు నుండెను. కువైటుకు న్యాయము చేయవచ్చినవారికి బస్రాలో న్యాయము కనబడలేదు. కువైటులోనో, అమీరు తిరిగివచ్చెను. సుమారు నాలుగులక్షల పాలస్తీనీయులలో ఆక్రమణకాలమున పాఱిపోయినవారు పోగా, మిగిలినవారిలో నధికులను వారి నాయకుడు సద్దామును మెచ్చుకొన్నాడను నెపమున వెడలగొట్టిరి. బడిపంతుళ్లు, వైద్యులు, గుమాస్తాలు. ముప్పదేండ్లు ఆ దేశమునకు అక్షరములు నేర్పినవారు.

"అట్లయిన కువైటును మ్రింగనిచ్చి ఊరకుండవలసినదా?" యని మమ్ము అడుగువారుందురు. అడుగదగిన ప్రశ్నయే. మ్రింగనీయకూడదు. చిన్నరాజ్యము పెద్దరాజ్యమునకు ఆహారమగుటను ఒప్పుకొన్ననాడు నేపాళమును, భూటానమును బ్రదుకనేరవు. ఇరాకును వెడలగొట్టుటలో అన్యాయము లేదు. మా వాదము వేఱు. హలబ్జానాడే ధాన్యపుహామీ నిలిపి, విమానముల యమ్మకము నిలిపి, దోషిపేరును తీర్మానమున వ్రాసియుండిన, 1990 ఆగస్టున సరిహద్దుదాటుటకు ఆ కాలుసాగెడిదా? అప్పుపత్రములను కొంత చించివైచి, శాసనసభను తెఱచియుంచి, వెలలను సమ్మతిమీద నడపియుండిన ఆ తగవు ముదిరెడిదా? ఆ దినములలో పనులు చౌకగనుండెను. చేయక, పిదప ఫిరంగులతో చేయుటను ధర్మయుద్ధమనిరి. "చమురుకొఱకే" అనువాడు ఈ ప్రశ్నలలో నొక్కటియు అడుగనక్కఱలేకుండ చేయుచున్నాడు. చమురు నిన్నను ఉన్నది, నేడును ఉన్నది, నార్వేలోను ఉన్నది. అచ్చట ఎవరును ఎవరిని మ్రింగలేదు.

పిమ్మట పండ్రెండేండ్లపైని సాగిన వర్తకనిర్బంధము సద్దామును కదల్పలేదు. ఆయన నగరులు కట్టుకొనెను. జనులు మందులకు అల్లాడిరి. చచ్చిన శిశువుల సంఖ్యయని అప్పుడు చాటిన లెక్కలలో కొన్ని పిదప పరీక్షకు నిలువలేదు. సద్దాము ప్రభుత్వము వానిని పెంచి చూపినది. ఐనను అచటి కరవు కల్పితము కాదు. ఐక్యరాజ్యసమితి పక్షమున అచట ధాన్యపంపిణీని చూచిన డెనిసు హాలిడే 1998లోను, అతనితరువాతివాడు హాన్సు ఫాన్ స్పొనెకు 2000లోను, ఈ పనిలో మేము పాలుగొనజాలమని ఉద్యోగములు విడిచిరి. 2003లో మఱియొక యుద్ధము వచ్చినది. దాని కథ వేఱు, దాని అబద్ధములు వేఱు.

నష్టపరిహారపు లెక్క చూచి ముగింతుము. 1991లో ఐక్యరాజ్యసమితి దానికొఱకు జినీవాలో నొక సంఘమును నిలిపినది. ఇరాకు అమ్ము చమురునుండి మొదట నూటికి ముప్పదివంతు, క్రమముగ తగ్గించుచు, కోసి చెల్లించిరి. మొత్తము 5,240 కోట్ల డాలర్లు, సుమారు పదునైదులక్షల అర్జీదారులకు. కువైటునుండి కట్టుబట్టలతో వచ్చిన కూలీలకు ఒక్కొక్కరికి 2,500 గాని 4,000 గాని డాలర్లు ముట్టినవి. దానికొఱకు మనవారు ఏండ్లతరబడి కచ్చేరులచుట్టు తిరిగిరి. కాలిన చమురునకు కువైటు పెట్రోలియము సంస్థకు సుమారు 1,470 కోట్ల డాలర్లు లెక్కగట్టిరి. కడపటివాయిదా 2022 జనవరిలో ఆ సంస్థకే చెల్లినది. అది చెల్లించిన ఇరాకువారిలో సగముమందికిపైగా ఆ యుద్ధమునాటికి పుట్టనైనలేదు. అమిరియాలో మాడినవారి పేరను, సఫ్వాను హెలికాప్టరులచేత చచ్చినవారి పేరను ఆ పుస్తకములలో పద్దు లేదు. ఇరాకుపౌరుల అర్జీలను ఆ సంఘము పుచ్చుకొనలేదు.